కొన్స్వేగ్రా గాలిమరలు, కోట: అరగంట ఫొటో స్టాప్‌లా కాకుండా నిదానంగా చూసి రావడం ఎలా

స్పెయిన్ వెళ్లే మనవాళ్లు మాడ్రిడ్ చూస్తారు, టోలెడోకి ఒక రోజు కేటాయిస్తారు, తర్వాత బార్సిలోనా రైలెక్కేస్తారు. టోలెడో నుంచి ఇంకో 60 కిలోమీటర్లు వెళ్తే కొన్స్వేగ్రా అనే చిన్న ఊరుంది. జనాభా పదివేల లోపు. ఊరి వెనకాల సెర్రో కాల్దెరీకో అనే గుట్ట, ఆ గుట్ట మీద వరుసగా 12 తెల్లటి గాలిమరలు, అదే వరుసలో ఒక పాత కోట. లా మాంచా ప్రాంతమంతా బల్లపరుపు నేల కాబట్టి ఆ వరుస చాలా దూరం నుంచే కనిపిస్తుంది.

టూర్ బస్సుల్లో వచ్చేవాళ్లు మిట్టమధ్యాహ్నం గుట్ట మీద దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లు దిగే సమయానికి ఎండ సరిగ్గా నెత్తిన ఉంటుంది, లోపలికి వెళ్లగలిగే చోట్లు చాలాసార్లు మధ్యాహ్నం విరామానికి మూసేసి ఉంటాయి. అలా చూసి "ఏముందక్కడ, నాలుగు గుండ్రటి గదులు" అన్నవాళ్లు నాకు తెలుసు. నా సలహా: ఒక రాత్రి అక్కడే ఉండండి. కుదరకపోతే కనీసం ఒక సాయంత్రమైనా దీనికే ఉంచండి. కింద రాసిందంతా ఆ లెక్కలోనే రాశాను.

ముందు నెల తేల్చుకోండి

జూలై, ఆగస్టుల్లో లా మాంచా ఎండ మనకి కొత్త కాదు, 35 నుంచి 40 డిగ్రీలు ఉంటుంది. కానీ గుట్ట మీద ఒక్క చెట్టు నీడ కూడా దొరకదు కాబట్టి హైదరాబాద్ ఎండ చూసిన ధైర్యంతో మధ్యాహ్నం రెండింటికి ఎక్కకండి. వేసవిలో ఒక లాభం ఉంది: జూన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర దాటాక అవుతుంది, అంటే ఆరింటికి గుట్ట ఎక్కినా చేతిలో మూడు గంటల పైనే వెలుగు ఉంటుంది. చలికాలంలో రద్దీ ఉండదు, అయితే ఆ గుట్ట మీద గాలి జాకెట్‌లోంచి కూడా కొడుతుంది. గాలి బాగా వీచే చోటనే కదా మరలు కట్టేది.

ఏప్రిల్, మే బాగుంటాయి. నన్నడిగితే మాత్రం అక్టోబర్ ఆఖరు. ఈ ఊరు కుంకుమపువ్వు పండే ఊరు. అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి రోజుల వరకు ఊదారంగు పూలు పూస్తాయి, అక్టోబర్ చివరి వారాంతంలో కుంకుమపువ్వు పండుగ జరుగుతుంది. 1963 నుంచి చేస్తున్నారు. పువ్వులోంచి ఎర్రటి కేసరాలను వేగంగా, శుభ్రంగా వలిచే పోటీలు పెడతారు, జానపద నృత్యాలుంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా సాంచో అనే మర రెక్కలకి గుడ్డ కట్టి నిజంగా తిప్పుతారు, గోధుమ పిండి ఆడతారు. ఏడాదిలో మిగతా రోజుల్లో ఈ దృశ్యం దొరకడం కష్టం. పండుగకి వెళ్లాలంటే గది నెలల ముందే బుక్ చేసుకోండి, ఊళ్లో ఉన్న గదులే కొద్ది. ఇంకో చిన్న చిక్కు, యూరప్‌లో గడియారాలు గంట వెనక్కి జరిపేది కూడా అక్టోబర్ చివరి ఆదివారమే. అంటే పండుగ మధ్యలోనే టైమ్ మారిపోతుంది, శనివారం ఏడింటికి అస్తమించిన సూర్యుడు ఆదివారం ఆరింటికే వెళ్లిపోతాడు. బస్సు టికెట్ ఉన్నవాళ్లు ఫోన్ టైమ్‌నే నమ్ముకోండి, చేతి గడియారాన్ని కాదు.

ఆగస్టు మధ్యలో ఇంకో ఉత్సవం ఉంది, మధ్యయుగపు యుద్ధాన్ని వేషాలు వేసుకుని ఆడతారు. దాని కథ కోట దగ్గర చెప్తాను.

కాగితాలు

భారత పాస్‌పోర్ట్ ఉంటే షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరి పదిహేను రోజుల వరకు మాత్రం ఆగొద్దు, వేసవి సీజన్‌లో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఒకటి గమనించాలి: గ్రీన్‌కార్డ్ ఉన్నా, హెచ్‌1బీ ఉన్నా, పాస్‌పోర్ట్ భారతదేశానిదే అయితే వీసా తప్పదు. అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి 90 రోజుల లోపు వీసా అక్కర్లేదు.

కారు అద్దెకి తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఆర్టీఓ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా పట్టుకెళ్లండి. అక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి. ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే అడగాలి, లేదంటే గేర్లున్న బండే ఇస్తారు, పైగా ఆ గేర్ రాడ్ మనకి అలవాటు లేని కుడిచేతి వైపు ఉంటుంది.

ఎలా చేరుకోవాలి

కొన్స్వేగ్రాకి రైలు లేదు. ఇది ముందే తెలిస్తే సగం గందరగోళం తగ్గుతుంది.

కారులో మాడ్రిడ్ నుంచి దాదాపు 130 కిలోమీటర్లు, గంటన్నర. ఏ-4 హైవే పట్టుకుని దక్షిణంగా వచ్చి మాద్రిదేహోస్ దగ్గర పక్కకి తిరిగితే కొన్స్వేగ్రా అక్కడికి పది కిలోమీటర్ల లోపే. ఏ-4కి టోల్ లేదు. దాని పక్కనే ఆర్-4 అని టోల్ రోడ్డు ఒకటి ఉంది, మ్యాప్ మిమ్మల్ని దాని మీదకి లాగకుండా టోల్ వద్దని ముందే సెట్ చేసుకోండి. టోలెడో నుంచి అయితే సీఎం-42 ఎక్స్‌ప్రెస్ రోడ్డు నేరుగా ఇటే వస్తుంది, ముప్పావు గంటలో చేరిపోతారు. పొద్దున టోలెడో, సాయంత్రం కొన్స్వేగ్రా, రాత్రి అక్కడే మకాం అని వేసుకుంటే బాగా కుదురుతుంది.

బస్సుల విషయానికొస్తే మాడ్రిడ్‌లో మెందెజ్ అల్వారో మెట్రో దగ్గరున్న సౌత్ బస్ స్టేషన్ నుంచి ఉన్నాయి, టోలెడో నుంచి కూడా ఉన్నాయి. కారు కంటే బాగా ఎక్కువ సమయం పడుతుంది. ఇక్కడ పద్ధతి ఏంటంటే, వెళ్లే బస్సు కంటే ముందు తిరుగు బస్సు చూసుకోండి. వారం మధ్యలో ఉండే టైమింగ్‌లు వేరు, శని ఆదివారాలవి వేరు. చివరి బస్సు సూర్యాస్తమయానికి ముందే వెళ్లిపోతుంటే, ఇక రాత్రి ఉండిపోవడమే మేలు, ఎందుకంటే మీరు చూడ్డానికి వచ్చిందే ఆ వెలుగు.

రోజుని ఏ వరుసలో పేర్చుకోవాలి

చాలామంది తారుమారు చేసేది ఇదే, కాబట్టి కాస్త వివరంగా.

స్పెయిన్ చిన్న ఊళ్లలో రెండింటి నుంచి నాలుగున్నర, ఐదు దాకా ఊరంతా సద్దుమణిగిపోతుంది. కొట్లు మూస్తారు, చూసే చోట్లకి కూడా చాలావాటికి ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత ఉంటాయి. అందుకని ముందు రోజే మున్సిపాలిటీ టూరిజం సైట్‌లో ఆ సీజన్ టైమింగ్‌లు చూసుకోండి, చలికాలానికి, వేసవికి తేడా ఉంటుంది.

ఉదయం పదింటికల్లా గుట్ట ఎక్కి, మొదట బొలేరో అనే మర దగ్గరికి వెళ్లండి. టూరిస్ట్ సమాచారం అక్కడే దొరుకుతుంది, లోపలి యంత్రం కూడా అక్కడ చూడొచ్చు. కోటకి, మరకి కలిపి టికెట్ ఉందేమో అక్కడే అడగండి. తర్వాత నేరుగా కోటలోకి వెళ్లండి, మిగతా మరలని దాటేస్తూ. బయటి నుంచి మరలు చూడ్డానికి టికెట్ లేదు, టైమ్ లేదు, అవి సాయంత్రమూ అక్కడే ఉంటాయి. కోట మాత్రం మూసేస్తారు.

ఒంటిగంటన్నరకి కిందకి దిగండి. భోజనం, కాసేపు పడక. మళ్లీ సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు గుట్ట ఎక్కి ఈ చివర నుంచి ఆ చివరకి నింపాదిగా నడవండి. అప్పటికి బస్సులవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. చీకటి పడేదాకా ఉంటే కోటకి, మరలకి దీపాలు వేస్తారు.

ఊరి మధ్యలోని ప్లాసా దే ఎస్పాన్యా నుంచి గుట్ట మీదకి నడిచి వెళ్లొచ్చు, ఇరవై ముప్ఫై నిమిషాల ఎక్కుడు. కారు రోడ్డు కూడా ఉంది. అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే కారులోనే వెళ్లండి, పైన కూడా గులకరాళ్ల నేల, కోటలో ఎత్తుపల్లాల మెట్లు, కాబట్టి వాళ్ల మోకాళ్ల ఓపికని అక్కడికి దాచండి. చెప్పులు కాదు, బూట్లు. నీళ్ల సీసా కింద ఊళ్లోనే నింపుకోండి. టోపీకి తాడు ఉంటే మంచిది, ఆ గాలికి గొడుగు తెరిస్తే దాన్ని మళ్లీ మూయడం మీ తరం కాదు.

మర లోపల ఏం చూడాలి

ముందే చెప్పేస్తున్నా, రెక్కలు తిరుగుతూ ఉంటాయని ఊహించుకుని వెళ్లొద్దు. మామూలు రోజుల్లో అవి గుడ్డ లేని ఖాళీ చెక్క చట్రాలు, కట్టేసి ఉంటాయి. పనిచేసే రోజుల్లో ఆ చట్రాల మీద గుడ్డ పరిచి కట్టేవాళ్లు, గాలి ఎక్కువైతే కొంత గుడ్డ తీసేసేవాళ్లు.

అసలు ఇక్కడ గాలిమరలు ఎందుకంటే నీళ్లు లేక. లా మాంచా నదులు వేసవిలో సన్నబడిపోతాయి, కొన్ని ఎండిపోతాయి, నీటి మరలు నెలల తరబడి ఆగిపోయేవి. గోధుమ పండుతుంది గానీ ఆడించే దారి లేదు. అందుకే 16వ శతాబ్దం నుంచి ఈ ప్రాంతంలో గుట్ట కనిపిస్తే చాలు గాలిమర కట్టడం మొదలైంది. ఈ గుట్ట మీద ఒకప్పుడు 13 ఉండేవి, ఇప్పుడు 12. తండ్రి నుంచి కొడుకుకి వచ్చే వృత్తి ఇది, గత శతాబ్దం దాకా సాగింది.

లోపలికి వెళ్లాక కిందనే ఆగిపోకుండా సన్నటి మెట్లెక్కి పై అంతస్తుకి వెళ్లండి, అసలు యంత్రం అక్కడే ఉంది. తిరగలి గుర్తుందా, కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది, మధ్యలో గింజ నలుగుతుంది. ఇక్కడా అంతే. కాకపోతే ఆ పై రాయి బరువు మనుషులు కదల్చగలిగేది కాదు, దాన్ని తిప్పేది గాలి. రెక్కలకి బిగించిన పెద్ద చెక్క ఇరుసు కప్పు లోపలికి వస్తుంది, దానికి పళ్లున్న పెద్ద చక్రం ఉంటుంది, దాన్ని కాతలీనా చక్రం అంటారు. ఆ పళ్లు నిలువుగా నిలబడ్డ, లాంతరు ఆకారంలో ఉన్న చిన్న చక్రాన్ని పట్టుకుని తిప్పుతాయి. పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి చిన్నది చాలా చుట్లు తిరుగుతుంది, అందుకే బయట రెక్కలు నిదానంగా కదులుతున్నా లోపల రాయి జోరుగా తిరిగేది. అన్నీ చెక్కతోనే. ఆ పళ్ల అరుగుదల దగ్గరగా చూడండి, ఒక్కోటి ఒక్కోలా అరిగి ఉంటుంది.

గోధుమ బస్తాలు ఈ మెట్ల మీదుగానే భుజాన మోసి పైకి చేర్చేవాళ్లు. పిండి మాత్రం గొట్టం లాంటి దారిలో కిందకి జారేది. మరాయనకి కూలి డబ్బుగా కాకుండా ఆడించిన దాంట్లో వాటాగా ఇచ్చేవాళ్లు.

ఇప్పుడు పై అంతస్తు గోడ చుట్టూ చూడండి, చిన్న చిన్న కిటికీలు కనిపిస్తాయి. మొత్తం 12. అవి వెలుతురు కోసం కాదు. మరాయన ఒక్కోటి తెరిచి ఏ కిటికీలోంచి గాలి వస్తోందో చూసి దిక్కు పట్టేవాడు. ఇక్కడ గాలులకి పేర్లున్నాయి: తూర్పు నుంచి వచ్చేది సొలానో, ఉత్తరం నుంచి సియెర్సో, నైరుతి నుంచి ఆబ్రెగో, టోలెడో వైపు నుంచి వచ్చేదానికి తొలెదానో. దిక్కు తెలిశాక మొత్తం కప్పునే రెక్కలతో సహా గాలికి ఎదురు తిప్పాలి. ఎలా? బయటికి వచ్చి మర వెనక్కి వెళ్లండి. కప్పు నుంచి నేల దాకా ఏటవాలుగా దిగిన పెద్ద దూలం ఉంటుంది. నేలలో మర చుట్టూ పాతిన రాళ్లకి చిన్న కప్పీ యంత్రం కట్టి, తాడుతో ఆ దూలాన్ని లాగి కప్పుని తిప్పేవాళ్లు. అందరూ ముందు వైపు నిలబడి ఫొటో తీసుకుంటారు, వెనక ఎవరూ ఉండరు, చూడాల్సిన తెలివంతా వెనకే ఉంది.

పేర్ల సంగతి. సాంచో, రూసియో, క్లావిలేన్యో, మాంబ్రీనో, ఆకుపచ్చ కోటు సర్దారు, ఇవన్నీ సెర్వాంటెస్ రాసిన డాన్ కిహోటే నవలలోంచి తీసుకున్నవి. సాంచో ఆ నవలలో సేవకుడు, రూసియో అతని గాడిద, క్లావిలేన్యో చెక్క గుర్రం, మాంబ్రీనో పేరు మీద ఉన్నది మంగలి పళ్లేన్ని శిరస్త్రాణం అనుకున్న తమాషా. నవల చదవకపోయినా ఇంత తెలిస్తే చాలు, పేరు బోర్డు చూసిన ప్రతిసారీ నవ్వొస్తుంది. బొలేరో, చిస్పాస్, మోచీలాస్ లాంటివి ఆ లెక్కలోకి రావు.

నవల హీరో కిహోటే రాక్షసులనుకుని పోట్లాడిన మరలు ఇవేనా అంటే, 1605లో వచ్చిన మొదటి భాగంలో ఎనిమిదో అధ్యాయంలో ముప్పయ్యో నలభయ్యో మరలున్న మైదానం అని ఉంటుంది తప్ప ఊరి పేరు లేదు. ఇదే లా మాంచాలోని కాంపో దే క్రిప్తానా అనే ఊరు ఆ గౌరవం తనదే అంటుంది, వాళ్ల దగ్గర 16వ శతాబ్దపు మరలు మూడు యంత్రాలతో సహా ఉన్నాయి కాబట్టి వాదన బలంగానే ఉంది. కొన్స్వేగ్రాకి ఆ వాదన అవసరం లేదు, దానికి కోట ఉంది.

కోట

రోమన్ల కాలంలో ఈ ఊరు కొన్సాబురా. తర్వాత అరబ్బుల కాలం, ఆ తర్వాత క్రైస్తవ రాజులు. 1097 ఆగస్టు 15న ఇక్కడే పెద్ద యుద్ధం జరిగింది. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన అల్మొరావిద్‌ల సైన్యం కాస్తియ్యా రాజు ఆరో అల్ఫాన్సోని ఓడించింది, రాజు కోటలో తలదాచుకున్నాడు. ఎల్ సిద్ అని స్పెయిన్ అంతా పాటలు కట్టుకున్న వీరుడున్నాడే, ఆయన ఒక్కగానొక్క కొడుకు దియెగో ఈ యుద్ధంలోనే చనిపోయాడు. ఆగస్టు ఉత్సవంలో ఆడేది ఈ కథే.

ఇప్పుడు మీరు చూసే కోట చాలావరకు తర్వాతి కాలానిది. 1183లో ఎనిమిదో అల్ఫాన్సో దీన్ని సెయింట్ జాన్ హాస్పిటలర్ల సంఘానికి ఇచ్చేశాడు. వీళ్లు సన్యాసులూ, సైనికులూ కూడా. చుట్టుపక్కల పెద్ద ప్రాంతానికి ఇదే వాళ్ల కేంద్రం. అందుకే లోపల కాపలా గోడలు, గుండ్రటి బురుజులతో పాటు చిన్న ప్రార్థన మందిరం, సంఘం సమావేశమయ్యే హాలు, దస్తావేజుల గది కనిపిస్తాయి. 19వ శతాబ్దం మొదట్లో నెపోలియన్ సైన్యం దీన్ని బాగా పాడుచేసింది. 1960ల నుంచి మున్సిపాలిటీ విడతలవారీగా బాగు చేయిస్తోంది. కొత్త రాయి, పాత రాయి తేడా కొన్ని గోడల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కొందరికి నచ్చదు. కూలిన రాళ్ల గుట్ట కంటే ఇదే నయం అంటాను.

లోపల రెండు చోట్ల తొందరపడకండి. ఒకటి, వాననీళ్లు పట్టి దాచుకున్న తొట్టి. నది కింద ఉంది, ముట్టడి పడితే కోటని బతికించేది ఇదే. రెండోది, పై డాబా. అక్కడి నుంచి మరల వరుస, ఎర్రటి పెంకుల ఊరు, దానవతల ఎక్కడా అడ్డులేని మైదానం. ఊరి మధ్యలోంచి పోయే సన్నటి ఏరు కనిపిస్తే దాని పేరు అమర్గీయో. వేసవిలో దాన్ని చూస్తే నమ్మబుద్ధి కాదు గానీ, 1891 సెప్టెంబర్ 11న ఆ ఏరు పొంగి ఒక్క రాత్రిలో 359 మందిని పొట్టనబెట్టుకుంది.

వారాంతాల్లో పాత దుస్తులు వేసుకుని నాటకంలా చూపించే గైడ్ టూర్‌లు కూడా నడుస్తుంటాయి. స్పానిష్‌లోనే ఎక్కువ. పిల్లలుంటే భాష రాకపోయినా వెళ్లండి.

తిండి

శాకాహారులకి ఇక్కడ చిక్కే. మీగాస్ అంటే రొట్టె ముక్కల వేపుడు, వినడానికి బాగుంటుంది, అందులో పంది మాంసం వేస్తారు. గాచాస్ పిండి జావలోనూ అంతే. ధైర్యంగా అడగదగ్గది పిస్తో మాంచేగో: టమాటా, క్యాప్సికమ్, గుమ్మడి జాతి కాయ కలిపి ఆలివ్ నూనెలో మగ్గించిన కూర, పైన గుడ్డు వేసి ఇస్తారు. గుడ్డు వద్దంటే "సిన్ వేవో", మాంసం వద్దంటే "సిన్ కార్నె" అనండి. "సిన్ హమోన్" కూడా కలపండి, ఎందుకంటే హమోన్ అంటే ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం, అక్కడ చాలామందికి అది మాంసం కింద లెక్కకి రాదు. గొర్రె పాలతో చేసే మాంచేగో జున్ను ఈ ప్రాంతానిదే, పక్కా నియమం ఉన్నవాళ్లు మాత్రం అందులో జంతువుల నుంచి తీసిన పదార్థంతో పాలు విరగ్గొడతారని గుర్తుంచుకోండి. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిదికి. ఆకలికి ఆగలేని పిల్లలకి పచ్చడన్నం డబ్బా బ్యాగ్‌లో ఉంటే ఎవరూ తప్పుపట్టరు.

కుంకుమపువ్వు కొనేటప్పుడు

పొడి కొనొద్దు, కేసరాలే కొనండి. డబ్బా మీద "అసాఫ్రాన్ దే లా మాంచా" అని, యూరప్ వాళ్ల ప్రాంతీయ గుర్తింపు ముద్ర ఉందో లేదో చూడండి. ఇక్కడివాళ్లు వలిచిన రోజే కేసరాలని సన్నటి సెగ మీద జల్లెడలో ఆరబెడతారు, ఆ వాసన అందుకే కాస్త కాల్చినట్టు ఉంటుంది. కిలోకి లక్షన్నర పైచిలుకు పూలు కావాలి, అన్నీ చేత్తో వలవాల్సినవే, కాబట్టి చవగ్గా ఇస్తున్నారంటే అనుమానించాల్సిందే. గ్రాము, రెండు గ్రాముల డబ్బాలు తెచ్చుకుంటే బంధువులకి పంచడానికి సులువు. పక్కనే మాద్రిదేహోస్‌లో కుంకుమపువ్వు మ్యూజియం ఉంది, పాత మఠంలో, కారుంటే పది నిమిషాల దూరం.

ఇంకో పూట మిగిలితే

కారున్నవాళ్లు మాడ్రిడ్ తిరిగి వెళ్తూ తెంబ్లేకె దగ్గర ఆగండి, 17వ శతాబ్దపు చతురస్రపు కూడలి, చుట్టూ చెక్క వసారాలు, అరగంట చాలు. మరల మీద మోజు తీరనివాళ్లు కాంపో దే క్రిప్తానా వెళ్లాలి, అక్కడ 10 మరలున్నాయి, తెల్లటి ఇళ్ల సందుల్లోంచే కనిపిస్తాయి. దానికి రైలు స్టేషన్ కూడా ఉంది, బళ్లు కొద్దిగానే ఆగుతాయి, ఎక్కువ ఆగేది దాని పక్కన అల్కాసర్ దే సాన్ హువాన్‌లో. కారు నడపనివాళ్లు, బస్సుల టైమింగ్ కుదరనివాళ్లు కొన్స్వేగ్రా వదిలేసి నేరుగా రైల్లో క్రిప్తానా వెళ్లినా మరలు చూసినట్టే, కోట ఒక్కటే పోతుంది. రెండు ఊళ్లూ ఒకే రోజు పెట్టుకుంటే మాత్రం క్రిప్తానా ఉదయం, కొన్స్వేగ్రా సాయంత్రం. కోట సాయంత్రం విడత ఎన్నింటికి మూస్తారో చూసుకుని, దానికి గంటన్నర ముందే గుట్ట మీద ఉండేలా బయల్దేరండి.